మూడు కొండల్ని పలికించిన ఊపిరి

జరగండి, జరగండి. వెనకాల వాళ్ళకీ కాస్త చోటివ్వండి. ముందుగా ఆ నరసింహస్వామికి ఒక దండం పెట్టుకోండి. పెట్టారా? చల్లగా చూస్తాడు. ఇక చెవులు ఇటు పెట్టండి.

అనగనగా ఒక అడవిలో మూడు కొండలుండేవి. అన్నదమ్ముల్లా ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉండేవి. వాటికి ఎదురుగా ఒక చిన్న గుట్ట. గుట్ట మీద ఒక గుహ. గుహలో నరసింహస్వామి. ఆ స్వామికి గోపురం లేదు, పూజారి లేడు. జంతువులే కొలుచుకునేవి. జింకలు నోటితో పూలు తెచ్చేవి. ఉడతలు తోకలతో గుహ ఊడ్చేవి. స్వామి పాదాల దగ్గర ఒక నీటి ఊట ఉండేది. ఎంత మండుటెండల్లోనూ అది ఎండేది కాదు. అంతా ఆయన దయ.

ఆ గుహలో ఒక పెద్ద తెల్లటి శంఖం ఉండేది. దాన్ని ఊదే సేవ ఒక ఎలుగుబంటిది. పేరు గుబురమ్మ. ఒళ్ళంతా గుబురుగా నల్లటి బొచ్చు. ఛాతీ మీద మాత్రం పుట్టుకతో వచ్చిన తెల్లటి నామం. స్వామే స్వయంగా దిద్ది పంపాడని గుబురమ్మ అందరికీ చెప్పుకునేది.

శంఖం ఊదడానికి ఎలుగుబంటే ఎందుకంటారా? దాని ఊపిరి అలాంటిది మరి! చెదపుట్టను గోళ్ళతో తవ్వి, ఉఫ్ఫుమని మట్టి ఎగరగొట్టి, జుర్రుమని ఒక్క పీల్పు పీల్చిందంటే లోపలున్న చెదలన్నీ నోట్లోకి వచ్చి పడాల్సిందే. ఆ జుర్రు చప్పుడికి పక్క పొదలో కుందేళ్ళు ఉలిక్కిపడి లేచేవి.

ప్రతి ఏటా ఫాల్గుణ పున్నమికి స్వామి కల్యాణం. చంద్రుడు పొడిచే వేళకి గుబురమ్మ గుహ ముందు బండ మీద నిలబడి, ఒకే ఊపిరిలో శంఖం ఊదాలి. మొదటి కొండ మారు పలకాలి. రెండో కొండ మారు పలకాలి. మూడో కొండ కూడా పలకాలి.

మూడో కొండ పలకడం ఎందుకంత ముఖ్యమో చెబుతాను. ఆ కొండ వెనక ఒక లోయ ఉంది. అందులో చుక్కల జింకలు కాపురముండేవి. ఫాల్గుణం వచ్చేసరికి వాళ్ళ వాగు ఎండి బురదయ్యేది. నీళ్ళ కోసం స్వామి ఊట దగ్గరికి రావాలి. దారిలో ఏముంది? చిరుతపులి గుహ! చిరుత చెడ్డదేం కాదు, దాని ఆకలి దానిది. కానీ అది స్వామి మీద ఒట్టు వేసింది. "మూడో కొండ మీద శంఖం పలికిన రాత్రి నేను గడప దాటను. జింకలు నా కళ్ళముందు నడిచినా సరే." ఆ ఒక్క రాత్రి దాటి వస్తే చాలు. వానలు పడేదాకా జింకలు ఊట పక్కనే ఉండిపోవచ్చు.

శంఖం పలికితే దారి. పలకకపోతే దారి లేదు. అర్థమైందా? అదీ గుబురమ్మ ఊపిరి మీద ఉన్న బరువు.

ఒక ఏడాది ఏమైందంటే, పున్నమి నాడు గుబురమ్మ శంఖం ఎత్తింది. ఆ ఏడు అడవిలో నెమలినార చెట్లు విరగబూశాయి. వాటి పూలు పచ్చగా, చిన్నగా ఉంటాయి. అందం ఉండదు, వాసన ఉండదు. గాలి వస్తే చాలు, సన్నటి పొడి పొగలా లేస్తుంది. ఆ పొడి గుబురమ్మ ముక్కులోకి పోయింది. ముక్కు జిలజిలలాడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుమ్ము వచ్చేలోపు ఊదేద్దామని గబగబా శంఖం నోట పెట్టుకుంది.

"భోఁ..." అని మొదటి కొండ పలికింది.

"భో..." అని రెండో కొండ సగం పలికింది.

"హాచ్!"

అంతే. మూడో కొండకి ఏమీ చేరలేదు. చిరుత దారి వదల్లేదు. జింకలు రాలేదు.

వానలు పడి, దారిలో నక్కడానికి పొదలు పెరిగాక చుక్కమ్మ అనే జింక వచ్చింది. వెంట దాని బిడ్డ. ఎముకలు లెక్కపెట్టేలా ఉంది ఆ పిల్ల. చుక్కమ్మ తిట్టలేదు. నిష్ఠూరం ఆడలేదు. "ఆ రాత్రంతా చెవులు నిక్కించుకుని కూర్చున్నాం గుబురమ్మా. గాలి అటు తిరిగిందేమో, మాకు వినపడలేదు" అంది. తప్పు గాలి మీదికి నెట్టేసింది, మంచి మనసుతో.

తిట్టినా బాగుండేది అనిపించింది గుబురమ్మకి.

ఏడాది తిరిగింది. మాఘం వచ్చింది. నెమలినార మళ్ళీ మొగ్గ తొడిగింది. గుబురమ్మకి మళ్ళీ మొదలైంది. పొద్దున లేస్తే తుమ్ములు, మధ్యాహ్నం కళ్ళ దురద, సాయంత్రానికి ముక్కు దిబ్బడ. చెదపుట్ట ముందు కూర్చుని జుర్రుమందామంటే, "హాచ్!" చెదలు నాలుగు దిక్కులా పారిపోయేవి. కడుపు కూడా నిండటం లేదు పాపం.

అడవిలో పెద్ద అంటే కణుజు తాత. కొమ్మలు కొమ్మలుగా కొమ్ములున్న ముసలి కణుజు, అంటే పెద్ద దుప్పి. ఆయన గుబురమ్మని పిలిచాడు.

"తల్లీ, నీ సేవ నీకు ఎంత ప్రాణమో నాకు తెలుసు. కానీ మూడో కొండ వెనక వాళ్ళకి అది నిజంగానే ప్రాణం. ఈసారి కూడా శంఖం తెగితే, మరొకరిని చూడక తప్పదు."

వెంటనే పై కొమ్మ మీద నుంచి ఒక గొంతు. "నేనున్నాగా తాతా!"

ఎవరా అని చూస్తే, చెంగయ్య. కొండముచ్చు. అడవిలో ఎక్కడ ఏం జరిగినా తోక వేలాడేసుకుని ముందు హాజరయ్యేవాడు. వాడు ఒక బోలు దుంగని దొర్లించుకుంటూ వచ్చి దబదబా దరువేశాడు. మొదటి కొండ ఒక్కసారి దబ్‌మంది. రెండోది పట్టించుకోనే లేదు.

"మూడోది కూడా పలికిందిగా! మీకు చెవుడు తాతా" అన్నాడు చెంగయ్య.

ఎవరూ నవ్వలేదు. శంఖం తప్ప వేరే దారి లేదని అందరికీ తెలిసిపోయింది. గుబురమ్మకి ఇంకా బాగా తెలిసింది.

ఆ రోజునుంచి ఎవరేం చెప్పినా చేసింది గుబురమ్మ. అడవిపంది వచ్చి, "ముక్కుల్లో బురద కూరుకో వదినా, పొడి ఎలా పోతుందో చూస్తా" అంది. కూరుకుంది. పొడి పోలేదు సరే, గాలీ పోలేదు. నోరు తెరిచి రొప్పుతూ గుట్ట కింది వాగు దాకా పరుగెత్తాల్సి వచ్చింది.

తర్వాత చెంగయ్య చెప్పాడు. "అక్కా, పోయిన కార్తీకంలో మన గుట్టకి ఒక యోగి వచ్చాడు కదా. ఆయన కళ్ళు మూసుకుని కొలిమి తిత్తిలా బుస్సు బుస్సుమని ఊపిరి తీసేవాడు. నేను కొమ్మ మీద నుంచి చూశాగా! అది చెయ్యి."

"పీల్చడమేగా? అది నాకు వెన్నతో పెట్టిన విద్య" అని గుబురమ్మ సంబరపడింది. ఎండగా ఉందని చెట్టు నీడన కూర్చుంది. ఏ చెట్టు నీడన? చెప్పండి చూద్దాం! ఆ, నెమలినార చెట్టే! దాని కిందే కూర్చుని, చెదపుట్ట మీద పీల్చినట్టు జుర్రుమని పీల్చింది. మళ్ళీ జుర్రుమంది. చెట్టు మీద ఉన్న పొడంతా దాని ముక్కులోకి దిగిపోయింది. ఇక చూడండి, తుమ్ము మీద తుమ్ము, తుమ్ము మీద తుమ్ము. తుమ్ముతూ తుమ్ముతూ గుట్ట మీద నుంచి కిందిదాకా దొర్లింది.

చెంగయ్య కొమ్మ పట్టుకుని కిచకిచలాడాడు. "యోగి ఇలా దొర్లలేదే అక్కా!"

"ఒరేయ్ చెంగా, నువ్వు చూసింది సగం, చెప్పింది పావు!" అని అరిచింది గుబురమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"నా మీద పడతావేం? అసలు ఆ పుప్పొడి అడవంతా మోసేదెవరు? తేనెటీగలు! పొద్దస్తమానం కాళ్ళకి పొడి పూసుకుని తిరుగుతాయి. వెళ్ళి వాళ్ళ పట్టు పీకెయ్. పొడీ పోతుంది, తేనె తిన్నట్టూ ఉంటుంది."

గుబురమ్మకి ఆ మాట నచ్చింది. ఎందుకు నచ్చిందో తెలుసా? బాధ పడేటప్పుడు ఎవరినైనా వేలెత్తి చూపిస్తే మనసుకి కాసేపు హాయిగా ఉంటుంది. అందులోనూ ఎలుగుబంటికి తేనె అంటే ఎంత ఇష్టమో మీకు నేను చెప్పాలా?

గుహ పక్కనే ఒక నిలువు బండ. దానికి వేలాడుతూ చేటంత తేనెపట్టు. గుబురమ్మ పగుళ్ళలో గోళ్ళు దూరుస్తూ బండ ఎక్కింది. పట్టు పక్కన చిన్న అంచు మీద నిలబడింది. చెయ్యి ఎత్తింది. తేనెటీగలు గుంపుగా లేచాయి.

సరిగ్గా అప్పుడే, "హాచ్! హాచ్!" కాలు జారింది. ఒక్క చేతి గోళ్ళ మీద వేలాడింది. కింద చూస్తే లోతు. ఊపిరి అందడం లేదు. ముక్కు మూసుకుపోయింది.

"కుట్టండి! కుట్టండి!" అన్నాయి కుర్ర తేనెటీగలు.

"ఆగండి" అంది ఒక సన్నటి గొంతు. పట్టు అంచున కాపలా ఉండే ముసలి తేనెటీగ అది. పేరు నాంచారమ్మ. "ఆమె ఛాతీ మీద నామం చూడండి. స్వామికి శంఖం ఊదే గుబురమ్మ. ఆమెకి ఊపిరాడటం లేదు. ముందు ఊపిరి, తర్వాతే తగువు."

నాంచారమ్మ వచ్చి గుబురమ్మ చెవి పక్కన వాలింది. "అమ్మాయీ, కంగారు పడకు. నోరు మూసుకో. నాతో పాటు అను. మ్మ్మ్మ్మ్..."

పట్టులోని తేనెటీగలన్నీ అందుకున్నాయి. మ్మ్మ్మ్మ్... ఆ రాతి గోడంతా వీణ తీగలా కంపించింది. గుబురమ్మకి వేరే దిక్కు లేదు. అది కూడా అంది. మ్మ్మ్... మొదట తెగింది. మళ్ళీ అంది. బుగ్గల్లో, ముక్కు దూలంలో, నుదుటి వెనక సన్నగా వణికింది. బిగుసుకున్నది ఏదో కాస్త వదులైంది. ముక్కులో ఒక పక్క గాలి సన్నగా దారి చేసుకుంది. రెండో చేతికి పట్టు దొరికింది. మెల్లగా అంచు మీదికి ఎక్కి కూలబడింది.

కాసేపటికి తలెత్తింది. "మీ పట్టు పీకడానికి వచ్చాను" అంది చిన్నగా.

"చూశాను లే. ఎందుకు?"

"మీరు మోసే పొడి వల్లే నాకీ పాట్లు."

నాంచారమ్మ నవ్వింది. "మా పొడి జిగురుగా ఉంటుంది అమ్మాయీ. మా కాళ్ళకి అంటుకుంటుంది గానీ గాల్లో ఎగరదు. నీ ముక్కులో దూరేది ఆ నెమలినార పొడి. దాని పువ్వులో తేనె చుక్క లేదు, మేం దాని గడప తొక్కం. దాన్ని మోసేది గాలి. గాలిని పీకుతావా?"

గుబురమ్మ తల దించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగింది తుమ్ములకి కాదు ఈసారి. చుక్కమ్మ సంగతి, ఆ ఎముకల పిల్ల సంగతి, కణుజు తాత మాట, అన్నీ చెప్పేసింది. "పెద్దమ్మా, ఇంతకు ముందు అన్నావే, మ్మ్మ్ అని. అది నేర్పవూ?"

"నేర్పుతా. ఒక మాటివ్వు. ఈ పట్టు జోలికి మళ్ళీ రాకూడదు. ఎప్పటికీ."

పిల్లలూ, ఇప్పుడు చూడండి. పక్కనే చెయ్యి చాపితే అందే తేనె. ఘుమఘుమలాడుతోంది. గుబురమ్మ పట్టు వైపు చూసింది. గుహ వైపు చూసింది. మూడో కొండ వైపు చూసింది. గుటక మింగింది.

"స్వామి సాక్షిగా రాను" అంది.

మరునాడు తెల్లవారగానే పాఠం మొదలైంది. గుహ ముందు బండ మీద గుబురమ్మ కూర్చుంది, గట్టిగా పీల్చడానికి సిద్ధంగా.

"ఆగు, ఆగు. ముందు స్నానం" అంది నాంచారమ్మ.

"స్నానమా? ఊపిరి నేర్పుతానన్నావుగా?"

"మేం ఇంట్లోకి పోయే ముందు కాళ్ళు దులుపుకుంటాం. నువ్వు అడవిలోని పొడంతా బొచ్చులో వేసుకుని, దాన్నే కప్పుకుని పడుకుంటున్నావు. పో, వాగులో మునుగు. ముక్కు, కళ్ళు కడుక్కో. వచ్చి ఈ బండ మీదే కూర్చో. ఇక్కడ ఆ చెట్లు లేవు. గాలి బాగా వీచే పూట బయట తిరగకు, నీ గుహలో ఉండు."

మునిగి వచ్చింది. ఒక్క మునకతోనే సగం తుమ్ములు వాగులో కొట్టుకుపోయాయి.

తర్వాత నడుము నిటారుగా పెట్టి కూర్చోవడం. తర్వాత బోర్లా పడుకుని, చేతులు ఆనించి, పాము పడగెత్తినట్టు ఛాతీ ఎత్తడం. గుబురమ్మ ఎత్తితే పాములా లేదు, బస్తా దొర్లినట్టుంది. అయినా ఎత్తింది. వంగిపోయిన వీపు కొద్దికొద్దిగా తెరుచుకుంది.

తర్వాత ఒక ముక్కు మూసి రెండో ముక్కుతో ఊపిరి తీయడం. చేత్తో మూయబోయింది. బారెడు గోళ్ళు! ఒకటి వెళ్ళి కంట్లో గుచ్చుకోబోయింది. తేనెటీగలు పడీ పడీ నవ్వాయి. చివరికి గోరు కాదు, మెత్తటి అరచెయ్యి ఆనించడం తెలిసింది.

అన్నీ అయ్యాక నాంచారమ్మ అసలు సంగతి చెప్పింది.

"నీ జబ్బేంటో తెలుసా అమ్మాయీ? నీకు పీల్చడం వచ్చు. వదలడం రాదు. పుట్ట దగ్గర బతికావు కదా, ఎంత గట్టిగా లాగితే అంత తిండి అనుకున్నావు. ఊపిరి చెదపుట్ట కాదు. మెల్లగా రానీ. వదిలేటప్పుడు ఇంకా మెల్లగా వదులు. మ్మ్మ్ అంటూ, చివరి దారం దాకా."

"అంత మెల్లగా వదిలితే శంఖమెలా మోగుతుంది పెద్దమ్మా?"

"శంఖం మోగేది నువ్వు పీల్చిన ఊపిరితోనా, వదిలిన ఊపిరితోనా?"

గుబురమ్మ గుహలోని శంఖం వైపు చూసింది. ఇన్నేళ్ళు శంఖం ఊదింది. ఆ సంగతి ఒక్కసారీ తట్టలేదు!

రోజూ సాధన. రోజూ అంటే రోజూనే. మొదట్లో మ్మ్ అనేలోపు తుమ్ము. తర్వాత మ్మ్మ్మ్ అన్నాక తుమ్ము. కొన్నాళ్ళకి తుమ్ములు పలచబడ్డాయి. రాత్రి నోరు తెరుచుకోకుండా నిద్ర పట్టింది. చెదపుట్ట దగ్గర కడుపు నిండింది.

చెంగయ్య ఊరుకుంటాడా? అడవంతా టముకేశాడు. "వినండహో! ఎలుగుబంటి వెళ్ళి తేనెటీగ దగ్గర శిష్యరికం! రేపు చీమ దగ్గర వ్యాకరణం!"

కల్యాణం దగ్గర పడిన ఒక సాయంత్రం వాడే మెల్లగా పక్కకి జారి, "అక్కా, ఆ పట్టు చూడు. అంచుల దాకా నిండింది. ఈగలన్నీ పూలకి పోయాయి. ఒక్క గోరు తగిలిస్తే చాలు, ఎవరికి తెలుస్తుంది? నాకో చుక్క" అన్నాడు.

గుబురమ్మ నోట్లో నీరూరింది. అబద్ధమెందుకు, బాగానే ఊరింది. లేచి నిలబడింది కూడా. మళ్ళీ కూర్చుంది. కళ్ళు మూసుకుంది. మ్మ్మ్మ్మ్... అంది. ఆశ అలలా లేచి, అలలాగే పోయింది.

"నేను మాటిచ్చాను రా" అంది కళ్ళు తెరవకుండానే. "అది తెగితే శంఖం కూడా తెగుతుంది."

ఫాల్గుణ పున్నమి వచ్చింది. ఎన్ని జంతువులో గుట్ట మీద! కుందేళ్ళు, ముంగిసలు, నెమళ్ళు, అడవిపంది తన పిల్లలందరితో. గుహలో స్వామికి మోదుగ పూల దండ. కణుజు తాత తూర్పు వైపు చూస్తున్నాడు. మూడో కొండ వెనక, ఎండిన వాగు ఒడ్డున చుక్కమ్మ జింకల మందతో చెవులు నిక్కించి నిలబడి ఉంటుంది. అది గుబురమ్మకి కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది.

చంద్రుడి అంచు పొడిచింది.

గుబురమ్మ శంఖం ఎత్తింది. అప్పుడే కొండల వైపు నుంచి గాలి లేచింది. నెమలినార పొడి సన్నటి తెరలా గుట్ట మీదికి వచ్చేసింది. ముక్కు జిలజిలలాడింది. అదే జిల. పోయిన ఏడాది వచ్చిందే, అదే!

'తుమ్మొచ్చేలోపు ఊదెయ్, ఊదెయ్' అంది లోపలి కంగారు.

గుబురమ్మ ఊదలేదు. శంఖాన్ని బండ మీద పెట్టేసింది.

జనమంతా గొల్లుమన్నారు. "అయ్యో, పెట్టేసిందే!" "మళ్ళీ అంతేనా?" చెంగయ్య దుంగ కోసం పరుగెత్తాడు. "నేను ముందే చెప్పాగా! తాతా, కానివ్వమంటారా?"

కణుజు తాత కొమ్ములూపి వాణ్ణి ఆపాడు. చంద్రుడు సగం పైకి వచ్చాడు.

గుబురమ్మ ఊట దగ్గరికి నడిచింది. పరుగెత్తలేదు, నడిచింది. ముఖం కడుక్కుంది. నడుము నిటారుగా పెట్టి స్వామి ఎదురుగా కూర్చుంది. తుమ్ము వచ్చింది. రానిచ్చింది.

"హాచ్!!"

కుందేళ్ళు ఎగిరిపడ్డాయి. కానీ చూశారా, శంఖం ఇప్పుడు దాని నోట్లో లేదు. తుమ్ము తన దారిన తాను పోయింది. తెంపడానికి దానికి ఏమీ దొరకలేదు.

మ్మ్మ్మ్మ్మ్... అంది గుబురమ్మ. నిలువు బండ మీద నుంచి నాంచారమ్మ పట్టు మొత్తం అందుకుంది. మ్మ్మ్మ్మ్మ్... అని గుహ గోడలన్నీ గుయ్యిమన్నాయి. జనం నోళ్ళు మూతపడ్డాయి. ముక్కు తెరుచుకుంది. ఛాతీ తెరుచుకుంది. ఊపిరి, లాగకుండానే, వానాకాలం వాగులా వచ్చి నిండింది.

గుబురమ్మ లేచి, బండ ఎక్కి, శంఖం నోట పెట్టుకుంది.

"భోఁఁఁఁ..."

మొదటి కొండ పలికింది. "భోఁఁఁ..."

రెండో కొండ నిండుగా పలికింది. "భోఁఁఁ..."

మూడో కొండ పలకలేదు.

ఒక్క క్షణం. గుబురమ్మ ఊపిరి అడుగంటుతోంది. 'చివరి దారం దాకా' అన్న మాట గుర్తొచ్చింది. తోయలేదు. బిగించలేదు. ఉన్న ఆ కాస్త ఊపిరిని పట్టుదారంలా సన్నగా, సన్నగా వదిలింది. ఇంకొంచెం. స్వామీ, ఇంకొంచెం.

"భోఁఁఁఁఁ..."

మూడో కొండ పలికింది! పలకడం అంటే మామూలుగానా! దాని వెనక లోయ కూడా పలికింది. దూరంగా చిరుత ఒక్కసారి గుర్రుమంది. 'సరే, లోపలే ఉంటాను' అన్నట్టు. తర్వాత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో టక టక, టక టక. గిట్టల చప్పుడు. కొండ దారి వెంట వెన్నెల్లో చుక్కలు చుక్కలుగా కదిలి వస్తున్నాయి. ఒక జింక, పది జింకలు, మంద మొత్తం! పోయిన ఏటి ఎముకల పిల్ల ఇప్పుడు చిన్న కొమ్ములతో అందరికన్నా ముందు ఉరుకుతోంది. దాని వెనక చుక్కమ్మ, చుక్కమ్మ పక్కన తడబడే కాళ్ళతో ఈ ఏటి కొత్త కూన.

"గోవిందా!" అన్నాడు కణుజు తాత. "గోవిందా!" అన్నారు అందరూ. నెమళ్ళు పురి విప్పాయి. అడవిపంది అందరికీ వినపడేలా ఏడ్చింది, తర్వాత కంట్లో నలకపడిందని చెప్పింది.

కూన ఊటలో ముక్కు దాకా మూతి ముంచి గటగటా తాగింది. చుక్కమ్మ తాగలేదు. ముందు గుబురమ్మ దగ్గరికి వచ్చింది.

"వినపడింది" అంది. అంతే అంది.

ఆ ఒక్క మాటకి గుబురమ్మ ఛాతీ మీది నామం వెన్నెల్లో తళతళలాడింది.

కల్యాణం అయ్యాక ప్రసాదం పంచారు. గుబురమ్మ దోసిలి పట్టింది. అందులో ఒక మోదుగాకు. ఆకులో ఏముంది? బంగారు రంగు తేనె! నాంచారమ్మ వచ్చి శంఖం అంచున వాలింది. "నువ్వు ముట్టనన్నది మా పట్టుని. మేమిచ్చే తేనెని కాదుగా. స్వామికి నైవేద్యం పెట్టాం. తిను అమ్మాయీ." గుబురమ్మ కళ్ళకద్దుకుని, నాలుక చివరతో కొంచెం కొంచెంగా తింది. జుర్రలేదు సుమా!

మరి తుమ్ములు పూర్తిగా మాయమయ్యాయా అంటే, లేదు. నెమలినార ప్రతి ఏడూ పూస్తుంది, ప్రతి ఏడూ నాలుగు తుమ్ములు వస్తాయి. వాగులో మునిగి వచ్చి, బండ మీద కూర్చుని, గుబురమ్మ మెల్లగా మ్మ్మ్ అంటుంది. తుమ్ములు వచ్చి పోతాయి. శంఖం మాత్రం మళ్ళీ తెగలేదు.

చెంగయ్య సంగతి మర్చిపోయానా? లేదు, లేదు. ఆ మరుసటి వారమే వాడు ఆ నెమలినార చెట్టు మీదే పడుకుని లేచాడు. పొద్దున్నే బండ దగ్గరికి వచ్చాడు. ముక్కు ఎర్రగా, కళ్ళు ఉబ్బి.

"అక్కా... హాచ్!... ఆ మ్మ్మ్ ఏదో... హాచ్!... నాకూ కాస్త..."

"వ్యాకరణం కోసం చీమ దగ్గరికి పోలేదా?" అంది గుబురమ్మ. అని, పక్కకి జరిగి చోటిచ్చింది. "ముందు స్నానం చేసి రా పో."

ఏదీ, ఇప్పుడు మీరంతా నడుం నిటారుగా పెట్టండి. కళ్ళు మూసుకోండి. మెల్లగా ఊపిరి రానివ్వండి. ఇంకా మెల్లగా వదులుతూ, నాతో పాటు... మ్మ్మ్మ్మ్. బాగుంది. మూడో కొండ దాకా వినపడే ఉంటుంది.

నీతి: బాధ వచ్చినప్పుడు ఇతరుల మీద నింద వేసి, తొందరపడితే పని చెడుతుంది. ఓర్పుగా రోజూ సాధన చేసి, ఇచ్చిన మాట నిలుపుకుంటే మన ఊపిరే మనకూ పదిమందికీ అండ అవుతుంది.